నడిపేవారికీ నడిచేవారికీ మద్యం తెచ్చే ముప్పు

"ఏమీ లేదు సిస్టరమ్మా, తాగి పడినాడు. ఒక గ్లూకోజు సీసా ఎక్కించి పంపీయండి, తెల్లారేసరికి సర్దుకుంటాడు."

రాత్రి డ్యూటీ చేసే నర్సులెవరికీ ఈ మాట కొత్త కాదు. బత్తలపల్లి నుంచి అనంతపురం వైపు గానీ, కదిరి వైపు గానీ, ధర్మవరం వైపు గానీ ఎక్కడ ప్రమాదం జరిగినా, పడిన మనిషి నోట మందు వాసన వచ్చిందంటే వెంట వచ్చినవాళ్ళు ముందుగా చెప్పేది ఇదే. వాళ్ళు అబద్ధం చెప్పరు. తాగిన మాట నిజమే, పడిన మాటా నిజమే. కానీ అతను కళ్ళు తెరవకపోవడానికి కారణం కడుపులోని మందా, తలలో కారుతున్న రక్తమా అన్నది వాసన చూసి తేల్చగలిగే విషయం కాదు.

ప్రియ పాఠకులారా, మద్యం గురించి రాసినప్పుడల్లా లివరు గురించి, కడుపులో పుండ్ల గురించి, ఇంట్లో గొడవల గురించి రాయడం అలవాటు. ఈసారి రోడ్డు గురించి రాయాలనుకున్నాం. లివరు చెడిపోవడానికి ఏళ్ళు పడుతుంది, రోడ్డుకు అంత ఓపిక లేదు. మరొక కారణం కూడా ఉంది. తాగి బండి నడపకూడదని పోలీసులు చెబుతారు, బడిలో చెబుతారు, సినిమా హాల్లో కూడా చెబుతారు. తాగి నడిచి వెళ్ళేవాడి గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. "నేనేమన్నా బండి తీసినానా, నడిచే కదా పోతున్నా" అని ధీమాగా బయలుదేరిన వాళ్ళను కూడా స్ట్రెచరు మీద చూస్తూనే ఉన్నాం.

సారా రోజులు, బండి రోజులు

మాలో పెద్దవాళ్ళం నర్సింగులో అడుగు పెట్టిన కాలంలోనే ఈ రాష్ట్రంలో సారా వ్యతిరేక ఉద్యమం నడిచింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళ పోరాటం 1992లో ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. ఆ సారా ఎన్ని ఇళ్ళు గుల్ల చేసిందో చూసినవాళ్ళం కాబట్టి ఆ రోజులే మేలని అనం. అయితే అప్పుడు తాగినవాడు ఏ అరుగు మీదో, ఏ చింతచెట్టు కిందో పడి ఉండేవాడు. ఊళ్ళో నాలుగు సైకిళ్ళు, ఒక ట్రాక్టరు ఉంటే గొప్ప. ఇప్పుడు దాదాపు ప్రతి ఇంటి ముందూ మోటారు సైకిలు ఉంది, ఊరి పక్క నుంచే జాతీయ రహదారి పోతోంది. తాగేవాడి చేతికి బండి తాళం వచ్చింది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. ఆ చనిపోయినవారిలో 100కి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరు నడిచి వెళ్ళేవారు. ఇదే లెక్కలో "మితిమీరిన వేగం" అని రాసినవి 100కి 70 దాటాయి. "తాగి నడపడం" అని రాసినవి వాటి ముందు చాలా కొద్ది. దీన్ని చూపించి, మందు వల్ల జరిగే ప్రమాదాలు తక్కువే కదా అని వాదించేవాళ్ళు ఉన్నారు. మేము ఒప్పుకోం. వేగంగా పోయి గుద్దాడన్నది రోడ్డు మీద గుర్తులు చూసినా తెలుస్తుంది. అంత వేగం ఎందుకు పోయాడన్నది రక్తం తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ప్రమాదంలో పడిన ప్రతి ఒక్కరికీ ఆ పరీక్ష జరగదు.

చిన్నటేకూరు దగ్గర

పెనుకొండ మీదుగా బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మనకందరికీ తెలిసిందే. కూలికో, ఆసుపత్రికో, చుట్టాల ఇంటికో ఆ రోడ్డు ఎక్కని కుటుంబం ఈ ప్రాంతంలో ఉండదు. అదే రోడ్డు మీద, పైన కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున ఏం జరిగిందో పేపర్లలో చదివే ఉంటారు.

మోటారు సైకిలు మీద పోతున్న ఇద్దరు స్నేహితులు అదుపు తప్పి పడ్డారు. నడిపే యువకుడు డివైడరుకు కొట్టుకుని అక్కడికక్కడే చనిపోయాడు. వెనుక కూర్చున్నవాడు లేచి, స్నేహితుణ్ణి రోడ్డు పక్కకు లాగాడు. బండి మాత్రం రోడ్డు మీదే ఉండిపోయింది. అంతలో హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు వచ్చి ఆ బండిని గుద్ది, కింద ఇరుక్కున్న బండిని ఈడ్చుకుంటూ పోయింది. మంటలు లేచాయి. గాఢ నిద్రలో ఉన్న ప్రయాణికులలో 19 మంది కాలిపోయారు. మోటారు సైకిలు మీది ఇద్దరూ మద్యం తాగి ఉన్నారని ఫోరెన్సిక్ పరీక్షలో తేలినట్లు పోలీసులు ప్రకటించారు.

బస్సును ఎలా కట్టారు, ఎలా నడిపారు అన్నవి వేరే ప్రశ్నలు, అవి కూడా గట్టిగా అడగవలసినవే. మేము ఇక్కడ చెప్పదలచుకున్నది ఒక్కటే. తాగి బండి తీసేవాడిని వద్దంటే, "పోతే నా ప్రాణమే కదా పోయేది" అంటాడు. ఆ రాత్రి అతని ప్రాణం పోయిన తరువాత కూడా ప్రమాదం ఆగలేదు. బస్సులో ఉన్నవాళ్ళకు అతనెవరో తెలియదు, వాళ్ళు అతని ముఖం కూడా చూడలేదు. 2016 జులై 1న హైదరాబాదు పంజాగుట్టలో జరిగినదీ అలాంటిదే. తాగిన కుర్రాళ్ళ కారు డివైడరు ఎగిరి అవతల పోతున్న వేరే కారు మీద పడింది. అందులో ఉన్న ఒక చిన్నారి, ఆమె కుటుంబంలోని పెద్దలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళు తమ దారిన తాము సక్రమంగానే పోతున్నారు.

ఒక క్వార్టరు లెక్క

"కొంచెమే తీసుకున్నా" అనే మాటకు లెక్క కట్టి చూద్దాం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం బండి నడిపేవారి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నేరం. 2019 సెప్టెంబరు 1 నుంచి దీనికి మొదటిసారి అయితే 10,000 రూపాయల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు లేదా రెండూ. రెండోసారి అయితే 15,000 జరిమానా లేదా 2 ఏళ్ళ వరకు జైలు లేదా రెండూ.

క్వార్టరు సీసాలో 180 మిల్లీలీటర్లు ఉంటుంది. మన దేశంలో మామూలుగా అమ్మే బ్రాందీ, విస్కీలలో ఆల్కహాలు 42.8 శాతం. అంటే ఆ చిన్న సీసాలో సుమారు 60 గ్రాముల అసలు ఆల్కహాలు ఉంది. 60 కిలోల బరువున్న మగమనిషి దాన్ని ఖాళీ కడుపుతో గబగబా తాగితే రక్తంలో 100 మిల్లీలీటర్లకు 150 మిల్లీగ్రాముల దగ్గరికి చేరుతుంది. చట్టం ఒప్పుకున్నదానికి అది ఐదు రెట్లు. మీద అన్నం తింటే కొంత నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే. ఆడవారికీ, బక్కపలచని వారికీ అదే కొలతకు ఇంకా ఎక్కువ ఎక్కుతుంది. ఇక దిగడం సంగతి. లివరు దాన్ని గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తుంది. తొందర పెట్టినా అంతకన్నా పెద్దగా చేయదు.

మన రోడ్డు మీద తెల్లవారుజామున మదనపల్లె మార్కెట్టుకు టమోటా బండ్లు పోతుంటాయి. ఒక డ్రైవరు రాత్రి 10 గంటలకు క్వార్టరు ముగించి పడుకున్నాడనుకుందాం. 3 గంటలకు అలారం మోగితే లేచి, ముఖం కడుక్కుని, టీ తాగి స్టీరింగు పట్టుకుంటాడు. తను నిద్రపోయి లేచాడు కాబట్టి మత్తు దిగిపోయిందని నిజంగానే నమ్ముతాడు. రక్తంలో మాత్రం ఇంకా 75 దగ్గర ఉంటుంది, అంటే చట్టం గీసిన గీతకు రెండున్నర రెట్లు. గీత కిందికి రావాలంటే ఉదయం 6 గంటలు దాటాలి. పూర్తిగా పోవాలంటే 8 గంటలవుతుంది. రాత్రి తాగుడుకు ఉదయం ప్రమాదం జరగడం ఇందువల్లనే.

మజ్జిగ, నిమ్మరసం, ఉల్లిపాయ, చన్నీళ్ళ స్నానం అని ఊళ్ళో చాలా వైద్యాలు ఉన్నాయి. ఇవేవీ రక్తంలోని ఆల్కహాలును తగ్గించవు. స్ట్రాంగు కాఫీ పోస్తే తాగినవాడు మేలుకుంటాడు. మేలుకున్న తాగినవాడు పడుకున్న తాగినవాడికన్నా రోడ్డుకు ఎక్కువ ప్రమాదం.

ఆల్కహాలు మెదడులో ముందుగా మందగింపజేసేది మంచి చెడ్డలు అంచనా వేసే శక్తిని. కాబట్టి "నాకేమీ కాలేదు, నేను బాగానే ఉన్నా" అనేది కూడా మత్తులో నుంచి వచ్చిన మాటే కావచ్చు. తరువాత కళ్ళు. ఎదురుగా వచ్చే లారీ లైట్లకు కళ్ళు జిగేల్‌మన్నాక మళ్ళీ చూపు కుదురుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది, పక్కలనుంచి వచ్చేది కనబడదు. ఆ తరువాత చేతులు, కాళ్ళు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో పోయే బండి ఒక్క అర సెకనులో 8 మీటర్లు పోతుంది. బ్రేకు మీద కాలు పడటం అర సెకను ఆలస్యమైతే, మూడు ఆటోలు వరుసగా నిలబెట్టినంత దూరం ఊరికే పోయినట్లు.

ఆటో ఎక్కే అమ్మలకు

వేరుశనగ పీకే రోజుల్లో, కలుపు తీసే రోజుల్లో ఒక్కొక్క ఆటోలో ఎంతమంది ఆడవాళ్ళు వేలాడుతూ పోతారో ఈ మండలంలో అందరం చూస్తున్నదే. డ్రైవరు తాగి ఉంటే ఎక్కకండి అని గోడ మీద రాయడం సులభం. సాయంత్రం ఆరు దాటాక పొలం దగ్గర వేరే ఆటో ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో పిల్లలు, పొయ్యి, పాలు తీయవలసిన ఆవు. అందుకని ఎక్కేస్తారు. మేము వాళ్ళను తప్పు పట్టలేం. ఆటో మాట్లాడుకునేటప్పుడే, అంటే ఉదయమే, గుంపు మేస్త్రీతో "సాయంత్రం మందు వాసన వస్తే బాడుగ ఇవ్వం, రేపటినుంచి వేరే ఆటో" అని అందరూ ఒక్క మాటగా చెప్పడం కుదిరే పని. ఒక్కరు చెబితే ఆ ఒక్కరినే దింపి పోతాడు. పదిమంది చెబితే వింటాడు, బాడుగ పోతుంది కాబట్టి.

జపాన్ దేశంలో 2006లో తాగినవాడి కారు ఒకటి వంతెన మీద మరొక కారును గుద్ది సముద్రంలోకి తోసేసింది. అందులో ముగ్గురు చిన్నపిల్లలు చనిపోయారు. దేశమంతా కదిలిపోయింది. మరుసటి సంవత్సరం నుంచి అక్కడ తాగి నడిపినవాడితో పాటు అతనికి బండి ఇచ్చినవాడికీ, నడుపుతాడని తెలిసి మందు పోసినవాడికీ, తెలిసి పక్కన కూర్చున్నవాడికీ కూడా శిక్ష పడుతోంది. మన దగ్గర పెళ్ళిళ్ళలో, జాతరలలో, డిసెంబరు 31 రాత్రి "ఇంకొక్క పెగ్గు వేసుకో బావా" అని బలవంతం చేసి, ఆనక బండి తాళం చేతిలో పెట్టి సాగనంపే బంధువులకు ఈ సంగతి తెలియాలి.

నడిచే మనిషి

తాగినవాడు బండి వదిలి నడవడం మంచి నిర్ణయమే. కానీ ఆ నడక ఏ రోడ్డు మీద, ఏ వేళలో అన్నది చూడాలి. రోడ్డు దాటాలంటే దూరంగా వచ్చే బండి వేగాన్ని అంచనా వేయాలి. తాగినప్పుడు ముందుగా చెడిపోయేది ఆ అంచనాయే అని పైన చెప్పుకున్నాం. సగం దాటాక లారీ హారను వింటే మామూలు మనిషి ముందుకో వెనుకకో ఒక్క దూకు దూకుతాడు. తాగినవాడు అక్కడే నిలబడి ఎటు పోవాలా అని ఆలోచిస్తాడు. నల్ల చొక్కా, ముదురు రంగు లుంగీ, వీధి దీపం లేని రోడ్డు అయితే డ్రైవరుకు మనిషి ఉన్నట్లే తెలియదు. బాగా దగ్గరికి వచ్చాక తెలిసినా, నిండు లోడు లారీ అక్కడికక్కడ ఆగదు.

చలికాలంలో ఇంకొక ప్రమాదం ఉంది. పగలంతా ఎండకు కాగిన తారు రోడ్డు రాత్రి చాలాసేపు వెచ్చగా ఉంటుంది. నడవలేక కూలబడినవాడికి ఆ వెచ్చదనం హాయిగా ఉండి, అక్కడే నడుము వాలుస్తాడు. నిలబడిన మనిషే కనబడని చోట పడుకున్నవాడు ఎలా కనబడతాడు?

జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపల మద్యం దుకాణాలు ఉండకూడదని 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2017 మార్చిలో 20,000 లోపు జనాభా ఉన్న ఊళ్ళకు ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. ఆ తరువాత పట్టణాల హద్దులలోని రోడ్లకు సడలింపు ఇచ్చింది. డ్రైవరు కంటికి దుకాణం కనబడకూడదన్న ఆలోచన మంచిదే. అయితే కాలినడకన పోయేవాడి సంగతి వేరు. 220 మీటర్లు లోపలికి పోయి తాగినవాడు, ఇంటికి పోవడానికి బస్సో ఆటోనో పట్టుకోవాలంటే చీకటిలో నడుచుకుంటూ మళ్ళీ ఆ రోడ్డు మీదికే రావాలి, చాలాసార్లు దాన్ని దాటాలి కూడా.

ఇంట్లో తాగే మనిషి ఉన్న అమ్మలూ అక్కలూ, మానమని చెప్పడం మానవద్దు. ఆ మాట వినే రోజు వచ్చేలోపల అతన్ని బతికించుకునే ఉపాయాలు కూడా చేసుకోండి. భుజం మీద తెల్ల తుండుగుడ్డ ఉండేలా చూడండి. సెల్‌ఫోనులో టార్చి వేసుకుని నడవడం అలవాటు చేయండి. కాలిబాట లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడి పక్కన నడవాలని, తాగని వేళలో, పది సార్లు చెప్పండి. రాత్రి ఆలస్యమైతే కొడుకునో తమ్ముణ్ణో ఎదురు పంపండి. వీళ్ళంతా తాగుబోతుకు సేవలేమిటని ఊళ్ళోవాళ్ళు అనవచ్చు. అననీయండి.

వాసన వెనుక గాయం

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వద్దాం. తల ఎముకకు లోపలివైపున రక్తనాళాలు ఉంటాయి. దెబ్బకు ధమని తెగితే ఎముకకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరుతుంది. ఇలాంటి మనిషి పడగానే కాసేపు స్పృహ తప్పి, తరువాత లేచి కూర్చుని మాట్లాడవచ్చు, నీళ్ళు అడగవచ్చు, "ఇంటికి పోదాం పదండి" అనవచ్చు. గంటో రెండు గంటలో గడిచాక నెమ్మదిగా మగతలోకి జారిపోతాడు. తాగనివాడైతే ఇంట్లోవాళ్ళు కంగారు పడి పరుగెత్తుకొస్తారు. తాగినవాడైతే "ఇప్పుడు నిద్ర పట్టింది, పడుకోనీ" అని దుప్పటి కప్పుతారు. గురక వస్తే ఇంకా ధైర్యం. ఆ గురక నిద్ర గురక కాకపోవచ్చు. నాలుక వెనక్కి పడి గాలి దారి మూసుకుపోతున్నప్పుడు కూడా అలాంటి చప్పుడే వస్తుంది.

ఎన్నో ఏళ్ళుగా తాగేవారిలో మరొక తంటా. వారి మెదడు కొంత కుంచించుకుపోతుంది. దాని మీది సిరలు సాగి ఉంటాయి కాబట్టి చిన్న దెబ్బకే తెగుతాయి. లివరు చెడినందువల్ల రక్తం త్వరగా గడ్డకట్టదు. ఇలాంటివారిలో రక్తం చుక్క చుక్కగా కారి రెండు మూడు వారాలకు బయటపడవచ్చు. తలనొప్పి, మతిమరుపు, మాట తడబాటు, ఒక కాలు ఈడ్చి నడవడం కనబడతాయి. "తాగి తాగి ఇట్లయినాడు" అని వదిలేస్తారు. సీటీ స్కాను తీస్తే తెలుస్తుంది. చాలామందిలో ఆపరేషను చేసి ఆ రక్తాన్ని తీసేస్తే మనిషి తిరిగి కోలుకుంటాడు.

అందుకే క్యాజువాలిటీలో నర్సులు తాగినవాణ్ణి కూడా గంట గంటకూ లేపుతూ, గిల్లుతూ, కళ్ళలో టార్చి వేస్తూ ఉంటారు. "పడుకున్నోణ్ణి ఎందుకమ్మా అట్ల చంపుతారు" అని విసుక్కుంటారు బంధువులు. మేము చూసేది గ్లాస్గో కొలత. 1974లో స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో ఇద్దరు డాక్టర్లు రూపొందించిన పద్ధతి అది. కళ్ళు తెరవడం, మాట, కదలిక, ఈ మూడింటికీ మార్కులు వేస్తాం. పూర్తి స్పృహకు 15, అన్నిటికన్నా తక్కువ 3. తాగినవాడికి మొదట 12 వచ్చిందనుకోండి, మత్తు దిగే కొద్దీ 13, 14 అవుతూ రావాలి. మార్కులు పెరగకపోయినా, తగ్గినా, అది మందు పని కాదని అనుకుని స్కానుకు పంపుతాం. వేలికి సూది పొడిచి రక్తంలో చక్కెర కూడా చూస్తాం. ఖాళీ కడుపుతో తాగినవారిలో చక్కెర పడిపోయి మత్తుగా ఉండటం ఉంది, షుగరు బిళ్ళలు వాడేవారిలో మరీ ఎక్కువ.

ఇంటికి పంపిన తరువాత కూడా తలకు దెబ్బ తగిలిన మనిషిని ఒక రోజంతా ఒంటరిగా వదలకండి. మళ్ళీ మళ్ళీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, లేపితే లేవకపోవడం, ఫిట్సు, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్ళలాంటిది కారడం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం, వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగవద్దు.

మూడో రోజు

ఇది బయటివారికి అంతగా తెలియని సంగతి. కాలు విరిగి చేరిన మనిషి మొదటి రోజు బుద్ధిగా ఉంటాడు. రెండో రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. ఫిట్సు కూడా రావచ్చు. మూడో రోజు రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, చనిపోయిన తండ్రి మంచం దగ్గర నిలబడినాడంటాడు, డ్రిప్పు పీకేస్తాడు, విరిగిన కాలితోనే దిగి నడవబోతాడు. "గాలి సోకింది, తాయెత్తు కట్టించాల" అని ఇంటివాళ్ళు బయలుదేరుతారు. ఆసుపత్రిలో ఏదో తప్పుడు సూది వేశారని గొడవపడేవారూ ఉంటారు. అది గాలీ కాదు, సూదీ కాదు. రోజూ తాగే శరీరానికి ఒక్కసారిగా మందు ఆగిపోవడం వల్ల వచ్చే జబ్బు. సరైన వైద్యం అందకపోతే దీనితోనే ప్రాణం పోవచ్చు. ముందుగా తెలిస్తే మొదటి రోజే బి1 విటమిన్ సూదులు, వణుకు తగ్గించే మందులు డాక్టరు రాస్తారు, గ్లూకోజు ఎక్కించే ముందు ఆ విటమిన్ ఇస్తాం. అందువల్ల చాలావరకు ఆ మూడో రాత్రి తప్పుతుంది.

ముందుగా తెలియదు, ఎందుకంటే చెప్పరు. పోలీసు కేసు అవుతుందేమో, ఇన్సూరెన్సు రాదేమో, పరువు పోతుందేమో అని భయం. భయంలో కొంత నిజం ఉంది. రోడ్డు ప్రమాదం ఏదైనా మెడికో-లీగల్ కేసుగా రాయవలసిందే. తాగి నడిపి గాయపడితే వ్యక్తిగత ప్రమాద బీమా మామూలుగా వర్తించదు. కానీ దాచినంత మాత్రాన రక్తంలో ఉన్నది పోదు. డాక్టరుకు తెలియకపోతే మత్తు ఇచ్చేటప్పుడు కడుపులోని మందు వాంతిగా వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వాడే నిద్ర బిళ్ళలతో, ఫిట్సు బిళ్ళలతో అది కలిసి ఊపిరి మందగించవచ్చు.

రోడ్డు పక్కన కనబడితే

తాగి పడినవాణ్ణి ముట్టుకుంటే మనమీదికి వస్తుందని చాలామంది పక్కనుంచి పోతారు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షను ప్రకారం గాయపడినవారికి సాయం చేసినవారి మీద కేసు పెట్టకూడదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. చట్టం వారికి పెట్టిన పేరు గుడ్ సమారిటన్, అంటే మనకు బాగా తెలిసిన ఆ మంచి సమరయుడే. అత్యవసర స్థితిలో ఉన్నవారికి ముందు వైద్యం, తరువాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి, పథకంలో ఉన్న ఆసుపత్రులలో 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స అందించే కేంద్ర పథకం కూడా వచ్చింది.

పడినవాణ్ణి మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకువస్తుంటారు. తల వేలాడుతూ ఉంటుంది. మెడ ఎముక విరిగి ఉంటే ఆ ప్రయాణంతోనే కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 ఉంది కదా, దానికి ఫోను చేయండి. అది వచ్చేలోపు వచ్చే బండ్లకు దూరం నుంచే టార్చితో సైగ చేయడానికి ఒకరిని నిలబెట్టండి. పడిపోయిన బండిని వీలైతే రోడ్డు మీదనుంచి తీయించండి. చిన్నటేకూరు గుర్తుంది కదా. మనిషికి వాంతి వస్తుంటే ఇద్దరు ముగ్గురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా పట్టుకుని పక్కకు తిప్పండి. కాఫీ, మజ్జిగ, నీళ్ళు ఏవీ నోట్లో పోయవద్దు.

ఆసుపత్రికి వచ్చాక మాకు కావలసినవి నాలుగే సంగతులు. ఎన్ని గంటలకు పడినాడు, పడినాక మధ్యలో లేచి మాట్లాడినాడా, ఎంత తాగినాడు, అది రోజూ అలవాటా. షుగరు, బీపీ, ఫిట్సు బిళ్ళలు ఏవైనా వాడుతుంటే ఆ చీటీ కూడా తెండి. స్నేహితులను అడిగితే "ఒక బీరు మాత్రమే మేడం" అంటారు, పది మందిలో తొమ్మిది మంది అదే మాట. సరైన జవాబు ఎక్కువసార్లు భార్యకో తల్లికో తెలిసి ఉంటుంది. ఆమెను గేటు దగ్గర నిలబెట్టి ఏడవనివ్వకుండా, మంచం దగ్గరికి రానీయండి. మేము ఆమెనే అడుగుతాం.